ముసురునాటి లెక్క

సంగారెడ్డి
4 జూలై 1954

అక్కకు తమ్ముడు వెంకటేశం దండాలు పెట్టి రాసేది.

నేను, ముత్యమ్మ, పిల్లలిద్దరూ బాగానే ఉన్నాం. వానలు మొదలయ్యాయి కదా, నీ హోటల్ పైరేకులు ఈ ఏడు కూడా కారుతున్నాయా? మోటారెక్కి పటాన్‌చెరు వచ్చి చూసే తీరిక లేదు, బడి తెరిచారు. ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి పెద్ద కారణమే ఉంది.

మా గల్లీ చివర అక్తరీ బేగం గారి ఇల్లు నీకు తెలుసు. పోయినసారి వచ్చినప్పుడు ఆ ఇంటి అరుగు మీద కూర్చొని ఆమెతో గంటసేపు ముచ్చట పెట్టావు. ఆమె భర్త పోయి మూడేళ్లయింది. ఔరంగాబాదులో నౌకరీ చేస్తున్న కొడుకు తన దగ్గరికి రమ్మంటున్నాడు, అందుకని ఇల్లు అమ్మకానికి పెట్టింది. నాలుగు అర్రలు, వెనక పెరడు, పెరట్లో చేదబావి. రెండు వేల నాలుగు వందలు అడుగుతోంది. నిజాం హాలీ సిక్కా కాదు, హిందుస్తాన్ సర్కారు కల్దార్ రూపాయలే.

నా దగ్గర ఏడు వందలు ఉన్నాయి. మిగతా పదిహేడు వందలు బజారు సాహుకారు ఇస్తానన్నాడు. ఇల్లు ఆయనకు రెహన్, అంటే తాకట్టు పెట్టాలి. నూటికి నెలకు రూపాయి వడ్డీ. నెలకు ముప్పై ఎనిమిది చొప్పున కడితే ఐదేళ్లలో అసలూ వడ్డీ తీరి ఇల్లు మనదవుతుంది. రెహన్‌తో పాటు ఒక జామీను కూడా కావాలన్నాడు. నీ హోటల్ ఉన్న జాగా పేరు రాసి, జామీను కాగితం మీద నువ్వు సంతకం పెడితే చాలు. అది పేరుకు మాత్రమే.

లెక్క కూడా రాస్తున్నాను, చూడు. నా జీతం డెబ్బై రెండు. సాయంత్రం ట్యూషన్లకు ఇరవై ఐదు వస్తుంది. ముత్యమ్మ కుట్టుమిషన్ మీద పదిహేను తెస్తుంది. మొత్తం నూట పన్నెండు. ఇప్పుడు కడుతున్న కిరాయి తప్పితే, ఇంటి ఖర్చు యాభై ఆరు దాటదు. ముప్పై ఎనిమిది సాహుకారుకు పోయినా ఇంకా పద్దెనిమిది చేతిలో ఉంటాయి. నేను లెక్కల మాస్టరును అక్కా, నాయనలా వేళ్లు మడిచి భూమి పోగొట్టుకునే రకం కాదు.

ముత్యమ్మ కూడా ఈ ఇల్లే కావాలని పట్టుబట్టి కూర్చుంది. ఏడేళ్లుగా ఒక్క అర్రలో నలుగురం పడుకుంటున్నాం. జవాబు జల్దీ రాయి.

నీ తమ్ముడు
వెంకటేశం


పటాన్‌చెరు
11 జూలై 1954

తమ్మీ వెంకటేశం, నూరేండ్లు బతుకు.

నీ ఉత్తరం అందింది. నీ తీర్ల పుస్తకాల భాష నాకు రాదు, నేను మాట్లాడినట్లే రాస్త, నవ్వకు.

ఇల్లు కొంటనంటే నాకు సంతోషం కాదా? అక్తరీ బేగం ఇల్లు మంచి ఇల్లు. ఆ అరుగు మీద ఆమె నాకు పాన్ కట్టిచ్చింది, ఇంకా నోట్ల రుచి ఉంది. నా తమ్మునికి నాలుగు అర్రల ఇల్లంటే బొంబాయి సడక్ మీద పోయే ప్రతి లారీని ఆపి చెప్పుకుంట. గని జెర ఆగు. సాహుకారు నా జాగా అడిగిండంటే పేరుకు అడగలేదు. పేరుకైతే పేరు రాసుకోని పోతుండె, జాగా ఎందుకు? నేను ఈ రొట్టెల పొయ్యి పెట్టి పద్దెనిమిదేండ్లు. నాకున్నదంతా ఈ జాగనే. నువ్వు కట్టకపోతే నా పొయ్యి తీసి సడక్ అవుతల పెడ్తరు. అది తెలిసే అడుగుతున్నవా, తెల్వక అడుగుతున్నవా?

నేను చదువుకున్నదాన్ని కాదు, నా లెక్క ఒకటి చెప్త. నేను జొన్నలు విసిరేది అంగడినాడు చూసి కాదు, ముసురు పట్టిననాడు చూసి. అంగడినాడు వంద రొట్టెలు పోతయ్. ముసురునాడు బండ్లోళ్లు రారు, పది పోవుడు కూడా కష్టమే. ముసురునాటికి ఎంత కావాల్నో అంతే విసిరి పెట్టుకుంట. అంగడినాడు తక్కువపడ్తే అప్పటికప్పుడు విసురుకోవచ్చు, రెక్కలు నొస్తయ్, అంతే. మిగిలిందంటే మాత్రం పిండి చేదెక్కుతది.

నువ్వు రాసింది అంగడినాటి లెక్క. నూట పన్నెండు ఏ నెలల వచ్చింది? పన్నెండు నెలలు వచ్చిందా? నీ ముసురు నెల ఏదో, దాంట్ల ఎంత వచ్చిందో అది రాయి. అది చూసి నేను మాట్లాడుత.

ఇంకోటి. నాయన మాట మధ్యల తియ్యకు. పోయినాయన.

పిల్లలకు నువ్వులుండలు పంపుతున్న, మన యాదన్న బండి మీద వస్తయ్. నువ్వే తినకు.

మీ అక్క
మొగులమ్మ


సంగారెడ్డి
20 జూలై 1954

అక్కకు,

నువ్వులుండలు అందాయి. పిల్లలు ఒక్కరోజులో అవగొట్టారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రొట్టెల లెక్క బాగుంది గానీ సర్కారు నౌకరీ రొట్టెల వ్యాపారం కాదక్కా. ముసురు పట్టినా ఎండ కాసినా నెలాఖరుకు నా జీతం నాకు వస్తుంది. నెలనెలా రాసి పంపమనడానికి నేనేమన్నా నీ దగ్గర ఉద్దెర తిన్న బండివాణ్నా? ఏడాది మొత్తం మీద చూసుకుంటే సరిపోతుంది. అంతవరకు నా మాట నమ్ము.

మా బడిలో నర్సింహులు మాస్టరు నాకంటే మూడేళ్లు చిన్న. ఆయన పోయిన ఉగాదికి సొంతింట్లో పాలు పొంగించాడు. రోజూ మధ్యాహ్నం అన్నం గిన్నె తెరుస్తూ తన ఇంటి దూలాల సంగతి చెబుతాడు. వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. సాహుకారు నా మొహం చూసి పదిహేడు వందలు కాదు, రెండు వేలైనా ఇస్తానంటున్నాడు. పరాయివాడికి ఉన్న నమ్మకం సొంత అక్కకు లేకపాయె.

నన్ను పెంచింది నువ్వే. కాదనను. బడికి పంపింది నువ్వే, ఫీజు కట్టింది నువ్వే. కానీ ఇన్నేళ్లలో నేను నిన్ను ఒక్క పైసా అడిగానా? ఇప్పుడైనా పైసలు అడగలేదు, సంతకం అడిగాను. అయినా నీకు ముందూ వెనకా ఎవరున్నారని ఆ జాగాను అంత గట్టిగా పట్టుకున్నావు? రేపు ఏమన్నా అయితే చూసుకోవలసింది నేనూ నా పిల్లలే కదా.

కాగితం తయారవుతోంది. ఎప్పుడు వస్తావో రాయి.

వెంకటేశం


పటాన్‌చెరు
2 ఆగస్టు 1954

వెంకటేశం,

ముందూ వెనకా ఎవరూ లేరు నాకు. నిజమే. అందుకే జాగా పట్టుకున్న.

నేను సంతకం పెట్టను. ముసురు నెల రాయమంటే నర్సింహులు మాస్టరు దూలాల కథ రాసినవ్. దాంతోనే నాకు అర్థమైంది.

వానలకు రేకులు కారుతున్నయ్. నేను బాగున్న.

మొగులమ్మ


సంగారెడ్డి
29 ఆగస్టు 1954

అక్కకు,

ఇరవై ఏడు రోజులు ఆగి రాస్తున్నాను. ఆ మాట రాసి ఉండకూడదు. కలం జారింది. కోపంలో చేతికొచ్చింది రాశాను, మనసులోది కాదు. నువ్వు నొచ్చుకున్నావని తెలుస్తూనే ఉంది, నీ ఉత్తరంలో పిల్లల ఊసు కూడా లేదు.

కానీ సంగతి ఇప్పుడు నా చేయి దాటిపోయింది. నీకు చెప్పకుండా ఒక పని చేశాను. జూన్ నెలలోనే అక్తరీ బేగం గారికి రెండు వందలు బయానా ఇచ్చాను. నా దగ్గర ఉన్నాయని రాసిన ఏడు వందల్లో అవి కూడా ఉన్నాయి. సెప్టెంబరు ముప్పైలోగా మిగతాది కట్టి రిజిస్ట్రీ చేయించుకోకపోతే బయానా పోతుంది, ఇల్లు ఇంకొకరికి పోతుంది. అలా అని కాగితం రాసుకున్నాం, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు. రెండు వందలంటే నాకు మూడు నెలల జీతం. నువ్వు ఎప్పటికైనా ఒప్పుకుంటావనే ధైర్యంతో ఇచ్చాను.

సాహుకారు రోజూ కబురు పెడుతున్నాడు. జామీను లేకపోతే ఒక్క రూపాయి కూడా ఇవ్వనంటున్నాడు. బడిలో నోరు తెరిచి ఇంకెవరినీ అడగలేను, సిగ్గుచేటు.

నువ్వు లెక్కకు భయపడుతున్నావు అక్కా. నాకు తెలుసు, నాయన వల్లనే. నాయన అప్పు చేసి బావి తవ్వించి, ఇస్నాపూర్ భూమి నాలుగెకరాలు చేజార్చాడు, చివరికి పరాయి చేలో కూలి చేస్తూ పోయాడు. నిరక్షరాస్యుడు. ఆయన ఒక్కసారి సరిగ్గా లెక్క చేసి ఉంటే ఇవాళ నేను ఎవరి జామీనూ అడుక్కునేవాణ్ని కాదు. ఆయనకు రాని లెక్క నాకు వచ్చు. ఆయన తప్పుకు నన్ను శిక్షించకు.

ఒక్క నెల ఉంది. కాళ్లు పట్టుకుంటాను.

వెంకటేశం


పటాన్‌చెరు
7 సెప్టెంబర్ 1954

తమ్మీ,

నీ ఉత్తరం వచ్చిన మరునాడే నీ పెండ్లం వచ్చింది. లింగంపల్లి పుట్టింటికి పోతూ నడుమ మోటారు దిగింది. నువ్వు పంపినవనుకున్న. కాదు, తనే దిగింది. ఆమె దిగిందని ఆమె మీద లేచినవంటే నేను ఊకోను, ముందే చెప్తున్న.

పొయ్యి కాడ కూసోబెట్టి రొట్టె పెట్టిన. కాళ్లు ముడుచుకోని కూసుంది. చీర కుచ్చిళ్లు కిందికి గుంజుకుంటుంది. నేను దినాం పదిమందిని చూసేదాన్ని, నాకు తెల్వదా? కాళ్లకు కడియాలు లేవు. పెండ్లిల నేను చేయించిన కడియాలు, ముప్పై తులాల వెండి. ఏవే అంటే, అరిగినయ్ వదినె, కరిగించి మళ్ల చేయిస్తున్నం అన్నది. మొఖం చూసి, అబద్ధం నీకు రాదు గాని అసలు చెప్పు అన్న. ఏడ్చింది.

పోయిన జూన్‌ల చిన్నదానికి విషజ్వరమొచ్చి దవఖానకు నలభై ఐదు రూపాయలు అయినయట. ఇంటికని దాచిన పైసలు మాత్రం నువ్వు ముట్టనియ్యలేదట. ఆ నెల ట్యూషన్ లేదు. పరీక్షలు అయినంక పిల్లలు రారట, ఏప్రిల్ నుంచి జూలై దాక రారట. కుట్టుడు కూడా నాలుగు రూపాయలే వచ్చిందట. కడియాలు ఎవరి కాడ పెట్టిండ్రు? గా సాహుకారు కాడ్నే! నీ ముసురు నెల ఆయనకు తెలుసు, ఆయన సందుకల ఉంది. నాకు మాత్రం తెల్వదు. నీ మొఖం చూసి రెండు వేలు ఇస్తనన్నడా? నీ ఇల్లు, నా జాగా చూసి ఇస్తనన్నడు. కట్టలేవని ఎరికయ్యే ఇస్తనన్నడు.

ఇంకోటి చెప్పింది. నాలుగు అర్రలు కావాలని ఆమె ఎన్నడూ అనలేదట. రెండైతే చాలు వదినె, పిల్లలు పెద్దగైతున్నరు, తానం చేసేతందుకు జెర చాటుంటే చాలు అన్నది. మరి పట్టుబట్టి కూసున్నది ఎవరు? సిగ్గులేదా పెండ్లం పేరు చెప్పేతందుకు!

ఇగ నాయన సంగతి. నేను పోయేదాక చెప్పొద్దనుకున్న. నువ్వు రెండు ఉత్తరాలల్ల ఆయన్ని అన్నవు. ఇంక వినలేను.

నువ్వు ఎనిమిదేండ్ల పోరనివి, నీకేం గుర్తుంటది. నాకు పదిహేడు. పెండ్లైన ఏడాదికే మొగడు పోతే నాయన కాడికి తిరిగొచ్చిన. చిన్నప్పుడే బడి అయ్యగారి ఇల్లూడ్చి, బడి అరుగు కింద కూసోని లెక్కలు నేర్చుకున్న. ఊర్ల మొగోళ్లు కూడా నన్నే అడుగుతుండిరి. ఆ యేడు ఆముదాల ధర మస్తు లేచింది. నాయనకు బావి తవ్వాలని ఆశ. ఎంత అప్పు తెస్తే తీర్చగల్గుతం, లెక్క చెయ్ బిడ్డా అన్నడు. రెండు వందలు తెస్త, రాయి కట్టని మట్టి బావి తవ్వుత అని ఆయన అన్నడు. నేను ఆ యేడు ధర చూసి లెక్క జేసిన. ఆరు వందలు తెచ్చినా నాలుగేండ్లల్ల తీరుతది నాయనా, రాతి కట్టుబావే తవ్వు అని నేనే చెప్పిన. నా లెక్క చూసి ఆయన మురిసిండు. ఎవరొచ్చినా, మా మొగులమ్మ లెక్క జేసింది అని చెప్పుకున్నడు.

రెండేండ్లకు ధర పడిపోయింది. ఆముదాలు అడిగినోడు లేడు. బావిల నీళ్లున్నయ్, భూమి మాత్రం అప్పిచ్చినోని పాలైంది. ఊర్ల అందరు అడిగిండ్రు, ఎట్లయింది మొగులయ్యా అని. నా లెక్క తప్పింది అన్నడు. ఒక్కలకు నా పేరు చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు, నువ్వు చేసినవు అని ఒక్కనాడు అనలేదు. పోయేనాడు కూడా అనలేదు. నువ్వు పెద్దగై, నాయనకు లెక్క రాదు అని నవ్వినప్పుడల్ల నేను పొయ్యిల కట్టెలు సర్దుకుంట ఊకున్న.

నాయనకు లెక్క వచ్చు తమ్మీ. ఆయన రెండు వందలే అన్నడు. నేను అన్న ఆరు వందలు. అప్పట్నుంచి ఎవ్వలకు లెక్క చెప్పలేదు నేను. నా రొట్టెల లెక్క తప్ప.

ఇప్పుడు నా జాగా కోసం అనుకో, ఏమన్న అనుకో. సంతకం పెట్టను.

మొగులమ్మ


సంగారెడ్డి
19 సెప్టెంబర్ 1954

అక్కా,

నీ ఉత్తరం చదివి మరునాడు బడికి వెళ్లాను. పిల్లలకు వడ్డీ లెక్కలు చెప్పాల్సిన పాఠం వచ్చింది. బోర్డు ముందు నిలబడి, రేపు చెబుతానని పంపేశాను.

తప్పు చేసిన. నీ దగ్గర దాచిన, ముత్యమ్మ పేరు వాడుకున్న, నాయనను అన్న. నర్సింహులు మాస్టరు ముందు తల ఎత్తుకోవాలని తప్ప నాకు నాలుగు అర్రలతో పని లేదు. ముత్యమ్మను ఏమీ అనలేదు. ఆమె నాతో మాట్లాడటం లేదు, మాట్లాడకపోవడమే న్యాయం.

నా ముసురు నెల ఇదీ. జీతం డెబ్బై రెండు. ట్యూషన్ సున్నా. కుట్టుపని నాలుగు. మొత్తం డెబ్బై ఆరు. అట్లాంటి నెలలు ఏడాదికి నాలుగు. ఖర్చు యాభై ఆరు అని రాసింది మాత్రం నిజమే, ముత్యమ్మను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడిగి మళ్లీ చూసుకున్నాను. ఇరవై మిగులుతుంది. ముప్పై ఎనిమిది ఎక్కడి నుంచి కట్టేవాణ్ని? నాలుగు నెలలు వరసగా వాయిదా తప్పితే రెండో ఏడు దాటేలోపే ఇల్లు, నీ జాగా రెండూ సాహుకారు చేతికి పోయేవి. ఇది ఐదో క్లాసు పిల్లవాడు చేసే లెక్క. చేయలేక కాదు, చేస్తే ఇల్లు రాదని చేయలేదు.

పోయిన ఆదివారం అక్తరీ బేగం గారి దగ్గరికి వెళ్లాను. బయానా పోయినా సరే, ఇల్లు కొనలేనని చెబుదామని. పరదా అవతల కూర్చొని అంతా విన్నది. చివరికి ఏమన్నదో ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"మాస్టర్ సాబ్, మీ రెండు వందలు తిని నేను ఏం బాగుపడ్త? నాకు ఔరంగాబాద్ పోవాలని లేదు. ఈ ఇంట్ల నలభై ఏండ్లు ఉన్న. పిల్లగాడు పరేషాన్ చేస్తున్నడని అమ్ముతున్న. మా దాంట్ల ఒక పద్ధతుంది. మీరు ఇయ్యగల్గినంత ఇయ్యుండ్రి, ఇల్లు మీ పేరు మీద రాసిస్త. మిగిలిన పైసలకు కొన్ని అర్రలు నా కబ్జాల ఉంటయ్. ఐదు వందలు మిగిలితే ఒక అర్ర, వెయ్యి మిగిలితే ముందటి రెండు అర్రలు. సూద్ నాకు హరాం, మీరు ఒక్క పైసా వడ్డీ ఇయ్యొద్దు, నేను కిరాయి ఇయ్య. పైసలు ముట్టిననాడు చాబీ మీ చేతుల పెట్టి పోత. ఎన్నేండ్లయినా సరే."

ఆమె కొడుకు కూడా ఒప్పుకున్నట్లు ఉత్తరం రాశాడు. బయానా కాగితం చింపి కొత్తది రాసుకున్నాం. అయినా గడువు మాత్రం ముప్పైయే, రిజిస్ట్రీ కచేరీలో ఆ తేదీకే దస్తావేజు ఇచ్చి ఉన్నాను.

ఇంకా కొంత అప్పు సాహుకారు దగ్గర తేవలసిందే. బేగం గారి కబ్జా ఉన్న ఇంటి మీద జామీను లేకుండా ఆయన ఇవ్వడు. కాబట్టి నీ సంతకం ఇప్పటికీ కావాలి, నీ జాగా ఇప్పటికీ కాగితంలో ఉంటుంది. దాచకుండా చెబుతున్నాను. నువ్వు వద్దంటే వద్దు, ఈ ఒక్క అర్రలోనే ఉంటాం. నేను మళ్లీ అడగను.

నాకైతే పన్నెండు వందలు తెచ్చి, ఆమెకు ఒక్క అర్రే వదిలితే బాగుండుననిపిస్తుంది. వీధి వైపు అరుగు మనకే ఉంటుంది. కానీ నా మనసు మీద నాకు నమ్మకం పోయింది. ఎంత తెచ్చుకుందామని ముత్యమ్మను అడిగాను. పది రోజుల్లో మొదటిసారి నోరు విప్పి, "నన్నెందుకు అడుగుతున్నవ్, లెక్క తెలిసినామెను అడుగు" అన్నది.

అందుకే ఈ కవరులో జామీను కాగితం పెడుతున్నాను. అప్పు ఎంత అన్నచోట అంకె రాయలేదు. ఖాళీగా ఉంచాను. ఇరవై మిగులు ఉందని చెప్పాను. బేగం గారి మాట చెప్పాను. లెక్క నువ్వు చెయ్ అక్కా. నువ్వు రాసిన అంకెకు ఒక్క రూపాయి ఎక్కువ తెస్తే నేను నాయన కొడుకును కాదు.

నీ తమ్ముడు
వెంకటేశం


పటాన్‌చెరు
24 సెప్టెంబర్ 1954

తమ్మీ,

కాగితం యాదన్న చేతికిచ్చి పంపుతున్న. టపాల వేస్తే అందుతదో లేదోనని భయం. ఆయన చేతుల నుంచి నువ్వే తీసుకో, ఇంకోలకు ఇయ్యనీయకు.

నీ కవరు వచ్చిననాడు హోటల్ బందుపెట్టిన. పద్దెనిమిదేండ్లల్ల పొయ్యి ముట్టియ్యంది గా ఒక్కనాడే. వచ్చినోళ్లు తలుపు కొట్టి, ఏమైందమ్మా పానం బాగలేదా అని అడిగి పోయిండ్రు. లోపల కూసోని గోడ మీద బొగ్గుతోని గీసుకున్న. నాయన పక్కన కూసున్నట్లే అనిపించింది, లెక్క చెయ్ బిడ్డా అన్నట్లే అనిపించింది. ఏడుపు ఆగలే. కొంగుతో గోడంత తుడిచి మళ్ల మొదలుపెట్టిన.

పన్నెండు వందలైతే నెలకు ఇరవై ఏడు కట్టాలె. నీకు మిగిలేది ఇరవై. అరుగు మీద కూసోవాలన్న ఆశ ఇడిసిపెట్టు. బేగంకు ముందటి రెండు అర్రలు వదులు, వెయ్యి ఆమె కాడ ఉండనియ్. నీ చేతిల ఏడు వందలు, సాహుకారు కాడ ఏడు వందలు. ఐదేండ్లకు నెలకు పదహారుకు కొన్ని పైసలు తక్కువ. ఇరవైల పదహారు పోతే నాలుగు మిగులుతయ్. గా నాలుగు ముట్టొద్దు. అవి జ్వరానికి. నువ్వు లెక్కల జ్వరం రాయనే లేదు, పిల్లలున్న ఇంట్ల జ్వరం రాదా? ట్యూషన్ వచ్చే నెలలల్ల ముందుగాల ముత్యమ్మ కడియాలు ఇడిపించు, తర్వాత బేగం వెయ్యికి జమ చెయ్. వెనక రెండు అర్రలు, పెరడు, బావి మీకు చాలు. నా మరదలు అడిగింది కూడా అంతే.

బేగం ముసలిది, ఒక్కతే ఉంటది. పిల్లలను ఆమె కాడికి పోనియ్. ఆమె జల్దీ పోవాలని మాత్రం ఎన్నడూ చూడకు.

మూడుసార్లు చేసిన. మూడుసార్లు ఏడు వందలే వచ్చింది. కాగితంల అంకె నేనే రాసిన, అక్షరాలల్ల కూడా రాసిన, కింద సంతకం పెట్టిన. వేలిముద్ర పెట్టమని ఎవరన్న అంటే ఒప్పుకోకు, మా అక్కకు రాసుడు వచ్చు అని చెప్పు.

లెక్క సరిగ్గనే ఉందనుకుంటున్న. ఒకవేళ తప్పు పోతే, ఎట్లయింది మాస్టరు అని ఎవరన్న అడిగితే, నాయన వేసుకున్నట్లు నీ మీద వేసుకోకు. మా అక్క మొగులమ్మ లెక్క జేసింది అని నా పేరే చెప్పు.

మీ అక్క
మొగులమ్మ